రాజేశ్వరిని బీరువాలో దాచారు, దేవదాసుని నట్టింట్లో కూర్చోబెట్టారు

మా నల్లకుంట ఇంట్లో పుస్తకాలకి ఎప్పుడూ కరువు లేదు. నాన్న జీతం అంతంతమాత్రమే అయినా, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు తిరగేయకుండా ఇంటికొచ్చేవారు కాదు. కొన్న ప్రతిదానికీ తనే అట్ట వేసి, అట్ట మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, ముందుగదిలో చెక్క స్టాండులో పెట్టేవారు. ఒక్క పుస్తకానికి మాత్రం అట్ట ఉండేది గానీ పేరు ఉండేది కాదు. దాని చోటు స్టాండులో కాదు, బీరువాలో అమ్మ పట్టుచీరల అడుగున. అది చలం నవల 'మైదానం', రాజేశ్వరి అనే ఆమె కథ. ఆడపిల్లలున్న ఇంట్లో అలాంటి పుస్తకం పైన కనబడకూడదని మా పెద్దనాన్న చెప్పారట.

అదే ఇంట్లో దూరదర్శన్‌లో 'దేవదాసు' వేసిన సాయంత్రం పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. అమ్మ వంట తొందరగా ముగించేసింది. మా అన్నయ్యల్ని, పెదనాన్న కొడుకుల్ని ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టారు. చివర్లో పెద్దనాన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "చూశార్రా, ప్రేమంటే అదీ" అన్నారు. మగపిల్లలున్న ఇంట్లో అలాంటి సినిమా చూడకూడదని ఎవరికీ తట్టలేదు.

ఇన్నేళ్ళలో నేను చూసినదాన్ని బట్టి చెప్తున్నాను, మన ఇళ్ళలో కాపలా తప్పు పాత్ర దగ్గర పెట్టారు. మేం చెడిపోతామని భయపడిన పాత్రల వల్ల మాకు మంచే జరిగింది. ఎవరూ భయపడని పాత్రలు మాత్రం తరతరాల మగపిల్లల్ని, వాళ్ళతోపాటు వాళ్ళ పక్కన ఉన్న ఆడపిల్లల్ని బాధపెడుతూ వచ్చాయి.

ఈ మాట ఎత్తగానే వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. మా ఆఫీసులో లంచ్ దగ్గర ఎప్పుడూ అదే వినిపిస్తుంది. "సినిమా సినిమానే మేడమ్, కథ కథనే. చూసి చెడిపోయేవాడు చూడకపోయినా చెడిపోతాడు." ఈ మాట అనే ఆయనే ఇంకో రోజు 'శంకరాభరణం' గురించి గంటసేపు చెప్తారు. 1980లో ఆ సినిమా వచ్చాక వాళ్ళ ఊళ్ళో సంగీతం మాస్టారి దగ్గర పిల్లలు ఎలా పెరిగారో, వాళ్ళ చెల్లెలు హార్మోనియం కొనిపెట్టమని ఎలా గొడవ చేసిందో మెరిసే కళ్ళతో చెప్తారు. నిజమే. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్న జె.వి. సోమయాజులు గారు శంకరశాస్త్రిగా అలా నిలబడితే, ఆ నడకని, ఆ పట్టుదలని చూసి ఎంతోమందికి తమ పిల్లలు సంగీతం నేర్చుకుంటే బాగుండనిపించింది. మరి శంకరశాస్త్రి పిల్లల చేత పాడించగలిగినప్పుడు దేవదాసు పిల్లల చేత తాగించలేడా? మంచి జరిగినప్పుడు పాత్ర గొప్పతనం అని, చెడు జరిగినప్పుడు పాత్రకేం సంబంధం అని అంటే ఎలా కుదురుతుంది?

ఇది మన దగ్గరే పుట్టిన గొడవ కాదు. జర్మనీలో గోథే 1774లో ఒక నవల రాశాడు. అందులో వెర్థర్ అనే కుర్రాడు తను ప్రేమించిన అమ్మాయికి వేరే అతనితో పెళ్ళయిందని ప్రాణం తీసుకుంటాడు. యూరప్‌లో కుర్రాళ్ళు వెర్థర్ లాగే నీలం కోటు, పసుపు వెయిస్ట్‌కోటు వేసుకుని తిరిగారు. కొందరు అతని దారే పట్టారన్న భయంతో లైప్‌జిగ్ నగరంలో ఆ పుస్తకాన్నే కాదు, ఆ వేషాన్ని కూడా నిషేధించారు. ఒకరి ఆత్మహత్య గురించి గొప్పగా రాస్తే ఇంకొన్ని జరుగుతాయన్న విషయానికి 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త పెట్టిన పేరు కూడా వెర్థర్‌దే. ఇవాళ పత్రికలు అలాంటి వార్తలు రాసేటప్పుడు జాగ్రత్తలు పాటించాలని చెప్పేది అందుకే.

అయితే పాత్రని చూసి మనిషి కోతిలా అనుకరిస్తాడని నేననడం లేదు. సుత్తి, చైను పట్టుకుని తిరగడం లాంటివి పైపై వేషాలు. 1989లో 'శివ' వచ్చాక మా కాలేజీల చుట్టూ సైకిల్ చైన్ల ముచ్చట్లు ఎన్ని విన్నామో లెక్కలేదు, అవి ఒకటి రెండేళ్ళలో పోయాయి. పాత్ర చేసే అసలు పని వేరు. మన లోపల అప్పటికే ఉన్న ఒక కోరికకో, కోపానికో, భయానికో అది "నువ్వు చేస్తున్నది సబబే" అని ఒప్పుదల ఇస్తుంది. ఆ ఒప్పుదల దేనికి ఇస్తోందన్నదే నేను చూసేది.

దేవదాసు దేనికి ఇచ్చాడో చూద్దాం. శరత్ నవల అచ్చయింది 1917లో. మనకి మాత్రం దేవదాసు అంటే 1953 నాటి సినిమాలో అక్కినేని నాగేశ్వరరావే. ఆయన నటన గురించి వేలెత్తి చూపడానికి ఏమీ లేదు, అదే అసలు చిక్కు. ఆ మత్తు కళ్ళని, ఆ దగ్గుని చూస్తుంటే మనకి ఇంకెవరూ కనబడరు. ఒక్కసారి ఆ మనిషి చేసిన పనులు మాత్రం వరసగా చూడండి. పార్వతి అర్ధరాత్రి, పరువు పణంగా పెట్టి, అతని గదికి వచ్చి అడుగుతుంది. అతను వెనకాడతాడు. తండ్రికి ఎదురు చెప్పలేక పట్నం వెళ్ళిపోయి, మనసు విరిగేలా ఉత్తరం రాస్తాడు. తర్వాత మనసు మారి తిరిగొస్తే ఆమె ఒప్పుకోదు. అప్పుడు ఆమె నుదుటి మీద కొడతాడు. నవలలో అది చేపలు పట్టే గాలపు కర్ర. ఆ దెబ్బ మచ్చ తన గుర్తుగా ఉండిపోవాలంటాడు. తర్వాత తాగుడు. ఆ తాగుడుకి కారణం పార్వతి అని మనం అనుకుంటాం. కారణం అతని పిరికితనం. ఆ మాట కథలోనే ఉంది, దాచిందేమీ లేదు. కానీ గుర్తుండేది ఆ మాట కాదు, గడ్డం, శాలువా, సీసా, పక్కన కుక్క.

పార్వతి సంగతి? ఆమె తనకంటే ఎంతో పెద్దవాడైన మనిషిని పెళ్ళి చేసుకుని, తన వయసున్న సవతి పిల్లలకి తల్లి అయి, ఆ ఇంటి భారమంతా మోసింది. ఆమె పడిన బాధ దేవదాసు బాధ కంటే తక్కువా? కానీ ఆమె పొద్దున్నే లేచి పని చేసింది కాబట్టి మనకి ఆమె బాధ బాధలా కనబడలేదు. పని మానేసి తాగినవాడి ప్రేమే నిజమైన ప్రేమ అయింది.

ఇది కాగితం మీది మాట కాదు, మా ఇంట్లోనే చూశాను. మా అక్క కొడుకు ఇంజనీరింగ్‌లో ఉండగా క్లాసులో ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ పిల్ల మర్యాదగానే కుదరదంది. అంతే జరిగింది. ఆ తర్వాత వాడు ఏడాది పైన పరీక్షలు వదిలేశాడు, గడ్డం పెంచాడు, రాత్రుళ్ళు తాగి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఫ్రెండ్స్ వంతులు వేసుకుని పక్కన కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాట్సాప్ స్టేటస్‌లు కూడా వాడి తరఫునే. మా అక్క "పిల్లాడు దేవదాసైపోయాడే" అంటూ ఏడ్చేది, ఆ ఏడుపులో కొంచెం గర్వం కూడా వినిపించేది నాకు, కొడుకుది అంత గొప్ప మనసని. ఆ అమ్మాయి ఏమైందని ఎవరూ అడగలేదు. నేను అడిగితే తెలిసింది, వీడి ఫ్రెండ్స్ క్యాంటీన్‌లో "నీ వల్ల వాడు పోతాడు" అనడంతో ఆ పిల్ల కాలేజీ బస్సు మానేసి, సెక్షన్ మార్పించుకుందట. హాస్టల్లో తలుపేసుకుని కూర్చునేదట. ఆమె చేసిన నేరం వద్దు అని చెప్పడం.

మా అక్క కొడుకు చెడ్డవాడు కాదు. వాడికి బాధ నిజంగానే కలిగింది. ఆ బాధని ఏం చేయాలో చెప్పడానికి వాడి దగ్గర ఒకే ఒక్క కథ ఉంది. మగవాడు ప్రేమలో ఓడిపోతే పతనం కావాలి, ఆ పతనాన్ని నలుగురూ చూడాలి, చూసి ఆ అమ్మాయి జన్మంతా కుమిలిపోవాలి. తాతలనాటి నుంచి మా ఇంట్లో కన్నీళ్ళతో చూసిన కథ అది. అన్నం తిని, పరీక్ష రాసి, కొన్నాళ్ళు దిగులుగా ఉండి, మళ్ళీ మామూలయ్యే మగవాడి కథ వాడికి ఎవరూ చెప్పలేదు.

2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు హైదరాబాద్‌లో జరిగిన గొడవ గుర్తుందా? ఆర్టీసీ బస్సు మీద అంటించిన పోస్టర్‌లో హీరోహీరోయిన్లు ముద్దు పెట్టుకుంటున్నారని ఒక సీనియర్ రాజకీయ నాయకుడు దాన్ని చించేశారు. టీవీల నిండా అదే చర్చ. ముద్దు తప్పా, ఒప్పా? సినిమాలో ఆ కుర్రాడు కొత్తగా చేరిన అమ్మాయిని చూసి, ఆమె పేరైనా సరిగ్గా తెలుసుకోకముందే, ఈమె నాది, ఎవరూ చూడొద్దు అని క్లాసుల్లో చాటింపు వేస్తాడు. అడగకుండానే ముద్దు పెడతాడు. దాని మీద మాట్లాడినవాళ్ళు లేరని కాదు, ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. కానీ చించబడింది ఇష్టపడి పెట్టుకున్న ముద్దు బొమ్మ. మా ఇంటి బీరువా గుర్తొచ్చింది నాకు. ఇన్నేళ్ళ తర్వాత కూడా కాపలా అదే చోట ఉంది.

ఇప్పుడు రాజేశ్వరి దగ్గరికి వస్తాను. 'మైదానం' 1927 నాటి నవల. పెద్ద కులంలో పుట్టి, లాయరు భార్యగా ఉన్న ఆడమనిషి, అమీర్ అనే ముస్లిం యువకుడితో ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ చదువుతున్నప్పుడు, అమ్మావాళ్ళు పెళ్ళికి ఊరెళ్ళిన రెండు రోజుల్లో, పట్టుచీరలు ఒక్కొక్కటీ మడత చెదరకుండా పైకి తీసి ఆ పుస్తకం చదివాను. నేను ఇల్లు వదిలి పోలేదు. నాకు తెలిసిన ఏ ఆడమనిషీ ఆ పుస్తకం చదివి ఇల్లు వదిలి పోలేదు. ఎందుకు పోతుంది? ఆ మైదానంలో రాజేశ్వరి పడిన కష్టాలు చలం ఏమీ దాచలేదు. అమీర్ ఆమెని ఏడిపిస్తాడు, వదిలేసి పోతాడు, తిరిగొస్తాడు. చివరికి ఆమెకి మిగిలింది సుఖం కాదు. అమీర్ మీద ఆమెకున్న ఆ తెగని భక్తి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. దాని మీద చలంతో పోట్లాడాలనిపిస్తుంది.

కానీ రాజేశ్వరి ఒకటి చేసింది. అప్పటిదాకా నేను చదివిన కథల్లో ఆడవాళ్ళకి ఏం జరిగిందో ఉండేది. ఈమె తనకేం కావాలో తన నోటితో చెప్తుంది. సిగ్గుపడకుండా, క్షమించమనకుండా చెప్తుంది. నాకేం కావాలని నన్ను నేను ప్రశ్నించుకోవచ్చన్న సంగతి నాకు ఆ పుస్తకం దాకా తట్టలేదు. రెండేళ్ళకి పెళ్ళిచూపులు జరిగినప్పుడు, కాఫీలు అయ్యాక, "ఆయనతో కాసేపు విడిగా మాట్లాడాలి నాన్నా" అన్నాను. గదిలో అందరూ నిశ్శబ్దమైపోయారు. నాన్న ఒక్క క్షణం నన్ను చూసి, "మేడ మీద కుర్చీలు వేయించనా" అన్నారు. ఉద్యోగం మానను, ఇంకా చదువుకుంటాను అని అక్కడే చెప్పేశాను. ఆయన సరేనన్నారు, నిలబెట్టుకున్నారు కూడా. రాజేశ్వరి వల్ల నేను చెడింది ఇంతే.

అమ్మ తరం గురించి కూడా చెప్పాలి. వాళ్ళకి యద్దనపూడి సులోచనారాణి. మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్లో 'సెక్రటరీ' ఎప్పుడు అడిగినా బయటే ఉండేది. ఆ నవల మీద నాకు రెండు అభిప్రాయాలు, రెండూ గట్టివే. కథానాయిక జయంతి ఉద్యోగానికి వెళ్తుంది, తన సంపాదన మీద నిలబడుతుంది, డబ్బున్నవాడి ముందు తల వంచదు. మా పిన్ని టైపు నేర్చుకుని సికింద్రాబాద్‌లో ఉద్యోగంలో చేరడానికి ధైర్యం జయంతే అని ఆవిడే నాతో చెప్పింది. అది ఎంత పెద్ద మేలో మాటల్లో చెప్పలేను. ఇంకోవైపు రాజశేఖరం. పొడుగు, కారు, హుందాతనం, ఆ ముభావం. మాట్లాడనివాడి మనసులో సముద్రమంత ప్రేమ ఉంటుందని మా ముందుతరం ఆడవాళ్ళలో చాలామంది నమ్మారు. ముభావంగా ఉన్న మొగుడిలో దాగిన రాజశేఖరం కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళు నాకు తెలుసు. అక్కడ ఉన్నది ఒట్టి ముభావమే.

మంచి చేసిన పాత్రల్లో నేను ఎవరికంటే ఎక్కువ రుణపడ్డానంటే, రావిశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్యకి. సుబ్బయ్యని చూసి ఎవరూ అలా అవ్వాలనుకోరు. విశాఖపట్నంలో ఒక గుమాస్తా. అన్నిటికీ భయం. ఆఫీసర్ అంటే భయం, బావమరిది అంటే భయం, కంట్రాక్టర్ గవరయ్య అంటే భయం, తన చెప్పుల చప్పుడంటే కూడా భయమేమో అనిపించేలా రాశారు రావిశాస్త్రి.

మా నాన్న నాంపల్లిలో ఒక ఆఫీసులో యూడీసీ గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి, గేటు లోపల చేతక్ స్కూటర్‌కి స్టాండు వేసి, ఇంజన్ ఆపి, దిగేవారు కాదు. తాళంచెవి చేతిలో పట్టుకుని సీటు మీదే కూర్చునేవారు. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి చీకటి పడేదాకా. అమ్మ మమ్మల్ని బయటికి రానిచ్చేది కాదు. "కాసేపు పలకరించకండి" అనేది. ఎందుకని మేం అడగలేదు, ఇళ్ళల్లో నాన్నలు అలాగే ఉంటారనుకున్నాం. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని 'అల్పజీవి' చదువుతున్నప్పుడు, సుబ్బయ్య లోపల జరిగేదంతా పేజీల కొద్దీ బయటపడుతుంటే, నాకు ఆ స్కూటర్ సీటు కనబడింది. పొద్దంతా ఎవరి చేతనో మాటలు పడి వచ్చిన మనిషి, ఇంట్లోకి నాన్నగా అడుగు పెట్టడానికి ముందు కాస్త టైం తీసుకుంటున్నాడు. ఆ తర్వాత స్కూటర్ చప్పుడు వినబడగానే నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు. కొన్నాళ్ళకి ఆయనే, "ఏమ్మా, టీ పెట్టారా?" అంటూ దిగడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి ఆఫీసులో జరిగింది కూడా చెప్పేవారు, కొంచెం కొంచెంగా.

ఆదర్శ పాత్రలు పిల్లలకి మంచివని మన పెద్దవాళ్ళు అంటారు. హరిశ్చంద్రుడు, శ్రవణకుమారుడు. వాళ్ళని చూసి నేను భక్తితో నమస్కారం పెట్టాను, నిజం. కానీ పక్క మనిషిని సరిగ్గా చూడడం నాకు నేర్పింది సుబ్బయ్యే. దేవదాసు, సుబ్బయ్య ఇద్దరూ పిరికివాళ్ళే కదా అని నాకే అనిపించింది ఒకసారి. తేడా ఎక్కడుందంటే, రావిశాస్త్రి ఆ పిరికితనాన్ని పిరికితనంగానే చూపించారు, దానికి పాట కట్టలేదు. సుబ్బయ్యని చదివినవాడికి తన భయం కనబడుతుంది, పక్కవాడి భయం కూడా కనబడుతుంది. దేవదాసుని చూసినవాడికి తన బాధ ఒక్కటే కనబడుతుంది.

మొగల్తూరు నుంచి బయల్దేరిన బారిష్టర్ పార్వతీశాన్ని మర్చిపోతే పాపం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మొదటిసారి విదేశం వెళ్తున్న పిల్లల్ని, వాళ్ళ ట్రాలీల మీద పచ్చళ్ళ డబ్బాలని చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గిరీశం ఇంకో రకంగా మేలు చేశాడు. తనతో మాట్లాడడమే ఒక చదువని వెంకటేశాన్ని నమ్మించిన మనిషిని చిన్నప్పుడే చూసి ఉండడం వల్ల, అమీర్‌పేటలో మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అని ఫీజు అడిగేవాణ్ణి గడప దగ్గరే పోల్చుకోగలిగాను. మా తమ్ముడికి ఒకసారి డబ్బు మిగిలింది కూడా.

కానీ 'కన్యాశుల్కం'లో నా మనిషి మధురవాణి. ఈ నాటకం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివేది గురజాడ పూర్తిగా తిరగరాసిన 1909 నాటిది. చుట్టూ పెద్దమనుషులే. పసిపిల్లని అమ్మే తండ్రి, కొనే ముసలివాడు, మధ్యలో కమిషన్ తినే రామప్పంతులు, విధవా వివాహం మీద లెక్చర్లిచ్చే గిరీశం. వీళ్ళందరిలో పరువు లేని మనిషి అని లోకం తేల్చినది మధురవాణిని, వేశ్య కాబట్టి. ఆ పసిపిల్ల సుబ్బి బతుకు చెడకుండా ఆగడానికి కరటకశాస్త్రి వేసిన ఎత్తు నడవాలంటే ఆమె సాయం కావాలి. ఆమె చేస్తుంది. పెద్దమనుషుల్లో ఎవడి విలువ ఎంతో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, అయినా ఆమెకి మనుషుల మీద అసహ్యం పుట్టలేదు. అదీ నాకు ఆశ్చర్యం.

చివరి అంకంలో మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. ఆయన సానివాళ్ళని గడప తొక్కనివ్వని నియమం పెట్టుకున్న మంచి మనిషి. ఆయన కేసు గెలవడానికి కావలసిన నిజం ఆమె దగ్గర ఉంది. దానికి ప్రతిఫలంగా ఒక ముద్దు అడుగుతుంది. ఆయన నానా మథనపడి చివరికి ఒప్పుకుంటే, ఆమే ఆపేస్తుంది. చెడనివాణ్ణి చెడగొట్టకూడదని తన తల్లి చెప్పిందంటుంది. అక్కడ ఆమె ఆయన్ని గెలిచేసింది. ఆయన కోపంగా గీసిన గీతని ఆమె గౌరవంగా నిలబెట్టి, ఆ గీత వల్ల ఆయనకి ఎంత కనబడకుండా పోయిందో కూడా చూపించింది. అవమానించకుండా వాదించడం ఎలాగో నాకు ఎవరైనా నేర్పారంటే ఆ సీన్ నేర్పింది. ఆఫీసులో పెద్ద ఆఫీసర్లతో మాట పట్టింపు వచ్చిన ప్రతిసారీ నాకు కావలసింది గెలవడమా, అవతలి మనిషి చూసేలా చేయడమా అని ఆలోచించుకుంటాను.

ఇంకొక సంగతి. 1953లో పార్వతిగా దేవదాసు కోసం పరిగెత్తిన సావిత్రే 1955లో మధురవాణిగా వేశారు. రెండేళ్ళ తేడాలో ఒకే మనిషి ముఖంలో ఆ రెండు పాత్రలూ మన ముందుకు వచ్చాయి. మనం మొదటిదాన్ని గుండెల్లో పెట్టుకున్నాం. రెండోదాన్ని మెచ్చుకున్నాం గానీ, మన ఆడపిల్లలకి చూపించి "ఇలా మాట్లాడటం నేర్చుకోండే" అని ఎంతమంది అన్నాం? మన మగపిల్లలకి చూపించి "ఆడమనిషి బుర్రకి ఇలా మర్యాద ఇవ్వండి" అని ఎంతమంది అన్నాం?

దేవదాసుని నిషేధించమని నేనడగను. పోస్టర్లు చించడం, పుస్తకాలు బీరువాలో పెట్టడం ఎంత పనికిమాలిన పనో పైన చెప్పాను. పక్కన కూర్చుని చూడమంటాను, చూస్తూ మాట్లాడమంటాను. ఈ మధ్య మా వాడితో అదే చేశాను. ఇంటర్ సెకండియర్, కోచింగ్ టెన్షన్‌లో ఉన్నాడు, ఒక ఆదివారం తీరిక దొరికితే 'దేవదాసు' పెట్టాను. కొట్టే సీన్ వచ్చింది. వాడు ఫోన్ పక్కన పెట్టి, "ఇదేంటమ్మా, కొట్టాడు కదా! మళ్ళీ ఆవిడే వాడి గురించి ఎందుకు బాధపడుతోంది?" అన్నాడు. సినిమా ఆపాను. నుదుటి మీద మచ్చని ప్రేమ గుర్తు అని ఎందుకు చూపించారో, పార్వతి ఆ రాత్రి అతని గదికి రావడానికి ఎంత ధైర్యం కావాలో, వాళ్ళ అన్న వరస కుర్రాడి కాలేజీలో ఆ అమ్మాయి ఎందుకు బస్సు మానేసిందో చెప్పాను. ఆ అమ్మాయి సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. చాలాసేపు ఏదో ఆలోచించి, "అయితే అన్నకి ఎవరూ చెప్పలేదా, నీదే తప్పని?" అన్నాడు. లేదన్నాను. మిగతా సినిమా మర్నాడు చూశాం, ఇద్దరికీ ఏడుపొచ్చింది. రావాలి కూడా, ఆ సావిత్రిని చూసి ఏడవకపోతే ఎలా?

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం 'కన్యాశుల్కం' పైకి చదువుకుంటున్నాం. వాడికి గిరీశం కావాలి, ఇచ్చేశాం. మా ఆయన రామప్పంతులు, సౌజన్యారావు పంతులు రెండూ చదువుతారు. మధురవాణిని నేను ఎవరికీ ఇవ్వను. నిన్న ఆఖరి అంకం మొదలుపెట్టాం. "పంతులు గారు అంత మంచివాడైతే ఆవిడ మగవేషం వేసుకుని రావాల్సిన అవసరం ఏముంది?" అని మావాడు పుస్తకం మూసి అడిగాడు. మా ఆయన ఆ కాలం పరిస్థితులు చెప్పి పంతులు గారిని వెనకేసుకొచ్చారు. నేను ఒప్పుకోలేదు. వాదన పదకొండు దాటింది, వాడికి పొద్దున్నే క్లాసుందని నేనే లైటు తీసేశాను. ఈ రాత్రి మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.